తాతగారి కసిమి కుండను పారేయకండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తాతగారు పోయి పదినెలలైందనీ, సంవత్సరీకం నాటికి ఆయన గురించి చిన్న పుస్తకం వేయాలని ఇంట్లో అనుకుంటున్నారనీ రాశారు. ఆయన కలంకారీ వేశారు, ఎర్రచందనం బొమ్మలు చెక్కారు, భారతం నాటకాలకు కిరీటాలు చేశారు, అంగళ్లకు బోర్డులు రాశారు, గంగజాతరకు సప్పరాలు, అంటే వెదురు గోపురాలు కట్టారు. ఇన్ని పనుల మధ్య ఆయన్ని ఏమని చెప్పాలో తోచడం లేదన్నారు. దానికి తోడు బంధువుల్లో ఒక పెద్దమనిషి "మీ తాత ఒక్కదాని మీద కుదురుగా కూర్చుని ఉంటే ఎక్కడికో పోయేవాడు" అనడం మిమ్మల్ని బాధపెట్టింది. పెరట్లో ఇనుప ముక్కలున్న కుండ ఒకటి వాసన కొడుతోంది, దాన్ని ఏం చేయాలని చివర్లో అడిగారు.

ఆ పెద్దమనిషి మాట తప్పు. శ్రీకాళహస్తిలో నలభై ఏళ్లకు పైగా కలం పట్టుకుని బతుకుతున్నాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. నాకు పని నేర్పిన అయ్యవారు కూడా అచ్చం మీ తాతగారి లాంటి మనిషే. ఆయన గురించి చెబుతాను. మీ తాతగారి గురించి ఎక్కడ మొదలుపెట్టాలో అందులోనే మీకు దొరుకుతుంది.

ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. నాటకాల వాళ్లకు కిరీటాల అయ్యవారు, అంగళ్ల వాళ్లకు బోర్డుల అయ్యవారు, మాకు ఉత్త అయ్యవారు. 1979లో, పద్నాలుగేళ్ల వయసులో నేను ఆయన దగ్గర చేరాను. మూడు నెలల పాటు కలం ముట్టనివ్వలేదు. కరక్కాయలు దంచడం, గుడ్డలు ఉతకడం, పాలు తేవడం, ఇవే నా పనులు.

కోరా గుడ్డను ముందు గంజి పోయేదాకా ఉతకాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన పచ్చిపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేయాలి. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. అందుకే మాకు చిక్కటి గేదెపాలు కావాలి. ఒకసారి పాలు చాలలేదని నేను చెంబుడు నీళ్లు కలిపేశాను, ఎవరికీ చెప్పలేదు. మర్నాడు అయ్యవారు ఆ గుడ్డ మీద రాముడి కనుబొమ గీస్తే గీత రెండు పక్కలా వెంట్రుకల్లా పాకింది. ఆయన తిట్టలేదు. కలం నా చేతికిచ్చి "ఇంక నువ్వే గియ్యి" అన్నారు. నేను కలం ముట్టుకున్న మొదటి రోజు అదే. గీసిన ప్రతి గీతా పాకింది. సాయంత్రం దాకా గీయించారు. ఆ గుడ్డ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

కలం అంటే పెద్ద వస్తువేమీ కాదు. వెదురుపుల్ల కొసను సన్నగా చెక్కి, కొసకు కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో బిగిస్తే అయిపోయింది. ఆ ఉండ రంగు తాగి ఉంటుంది, వేళ్లతో నొక్కినప్పుడు కొసకు దిగుతుంది. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ వేసుకుని, దాని మీద కసిమితో, అంటే ఇనుము పులియబెట్టి తీసిన నలుపుతో, గీత గీస్తాం. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, ఆరనిచ్చి, పారే నీళ్లలో కడిగి, మంజిష్ఠ అనే ఎర్రరంగు వేరు వేసి ఉడకబెడతాం. పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. తర్వాత పేడనీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఏటి ఇసుక మీద పరిచి, నీళ్లు చల్లుతూ ఎండబెడితే ఖాళీ గుడ్డ తెల్లబడుతుంది. పసుపు రంగు కరక్కాయ పువ్వు నుంచి వస్తుంది. దాని మీద నీలిమందు పూస్తే ఆకుపచ్చ.

ఈ పద్ధతంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇందులోనే మీ తాతగారికి అన్ని పనులు ఎందుకున్నాయో ఉంది. మా పనికి రెండు కావాలి: పారే నీళ్లు, గట్టి ఎండ. కదలని నీళ్లలో కడిగితే వదిలిన పటిక మళ్లీ గుడ్డకే అంటుకుని, ఎరుపు ఉండకూడని చోట మరకలు పడతాయి. మా ఊరి ఏరు స్వర్ణముఖిలో నీళ్లు, పైన ఎండ, రెండూ కలిసొచ్చేది ఏడాదిలో కొన్ని నెలలే. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు ఏట్లో నీళ్లుంటాయి, ఎండ ఉండదు. ఎండాకాలంలో ఎండ నిప్పులు కురుస్తుంది, ఏరేమో ఉత్త ఇసుక. సంక్రాంతి నుంచి శివరాత్రి దాటి కొన్నాళ్ల వరకు మాకు పండగ. ఇప్పుడైతే బోరు నీళ్లు తొట్లలోకి వదిలి ఏడాది పొడవునా కడుగుతున్నాం. ఆ రోజుల్లో ఆ వీలు లేదు. మిగతా నెలల్లో చేయి తిన్నగా ఉన్న మనిషి ఏం చేస్తాడు? ఆ చేతితో చేయగలిగిన ప్రతి పనీ చేస్తాడు. మీ తాతగారు కుదురు లేక తిరగలేదు. ఏరు తిప్పినట్టు తిరిగారు.

ఎండలు ముదిరేసరికి ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం మొదలవుతుంది. పుత్తూరు దగ్గరివాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. 18 రోజులు, పగలు హరికథ, రాత్రి నాటకం. అయ్యవారు ఫిబ్రవరిలోనే కిరీటాల చెక్క చూసి పెట్టుకునేవారు. కిరీటం, భుజకీర్తులు తేలిక చెక్కతో చెక్కి, తళుకు కాగితం అంటించి, అద్దం బిళ్లలు అతికేవారు. ఎంత తేలికైనా తెల్లవారేదాకా తల మీద మోసేవాడికి అది బరువే. నటుణ్ణి ఇంటికి పిలిపించి, కిరీటం పెట్టి, పది నిమిషాలు కూర్చోబెట్టి, లేపి నడిపించి, మెడ ఎటు వంగుతోందో చూసి, అటువైపు లోపల గోకి చెక్క తగ్గించేవారు.

ఆయన గుడ్డ మీద వేసిన భీముణ్ణి చాలాకాలం నేను సరిగా చూడలేదు. వేరేవాళ్లు వేసిన భీముడు నిటారుగా, స్తంభంలా నిలబడతాడు. అయ్యవారి భీముడికి మెడ వెనక చిన్న ఒంపు ఉంటుంది, గడ్డం ఒక నూలుపోగంత ముందుకు వస్తుంది. బొమ్మలో పొరపాటని అనుకునేవాణ్ణి. ఒక రాత్రి భారతంలో, మూడో జాము దాటాక, భీముడి వేషం వేసిన ఆయన తెర పక్కన నిలబడి ఉంటే చూశాను. అదే ఒంపు. అదే గడ్డం. కిరీటం బరువు తెలిసిన మనిషి గీసిన మెడ అది. ఆయన కిరీటాలు మానేసి కలంకారీ ఒక్కటే వేసి ఉంటే ఆ గీత పుట్టేది కాదు.

చివరి రోజు దుర్యోధన వధకు మట్టితో పడుకోబెట్టే బొమ్మ కూడా ఆయనదే. తాటిచెట్టంత మనిషి. కాగితం మీద జానెడు బొమ్మ వేసుకుని, పొలంలో తాడు పట్టుకుని అడుగులతో కొలుస్తూ తల ఎక్కడ, మోకాలెక్కడ అని ముగ్గుపిండితో గుర్తులు పెట్టేవారు. తట్టలతో మట్టి పోయడం ఊరివాళ్ల పని, ముఖం, చేతివేళ్లు, మీసం ఆయన పని. తొడ దగ్గర ఎర్రనీళ్ల కుండ పూడ్చేవారు. రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసిన ఆ బొమ్మను మర్నాడు భీముడు చుట్టూ తిరిగి, గద దింపి, ద్రౌపది జుట్టు ముడేసుకునేసరికి జనం తొక్కేసి, మట్టి ఇళ్లకు పట్టుకుపోయేవాళ్లు. ఒక ఏడాది తెల్లవారుజామున లాంతరు పట్టుకుని ఆయన దుర్యోధనుడి కాలిగోళ్లు దిద్దుతుంటే, ఎవరు చూస్తారని అడిగాను. "పిల్లకాయలు చూస్తారు కదరా. వాళ్ల ఎత్తుకు కనబడేది గోళ్లే" అన్నారు.

భారతం అయ్యీ కాకముందే మే నెలలో తిరుపతి గంగజాతర. తాతయ్యగుంట గంగమ్మ దగ్గర వేషాలు కట్టే బంధువులు ఆయన కోసం ఎదురుచూసేవారు. బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. ఈ నాలుగూ మనిషి ఒంటి మీద ఎంతసేపు నిలుస్తాయో, చెమటకు ఎక్కడ ముందు కారతాయో ఆయనకు కొట్టిన పిండి. వెదురు బద్దలతో గోపురంలా సప్పరం కట్టి రంగు కాగితాలు అంటించేవారు. దీని గురించి నాకు తెలిసింది ఇంతే, ఆ రోజుల్లో నన్ను తిరుపతికి తీసుకుపోలేదు, ఇంటి దగ్గర కసిమి కుండలకు కాపలా పెట్టేవారు.

వానాకాలం చెక్క పని. ఏర్పేడు మండలంలో మాధవమాల ఉంది కదా, గుళ్లకు దేవుడి విగ్రహాలూ వాహనాలూ చెక్కే ఊరు. అక్కడి మేస్త్రులతో ఆయనకు చుట్టరికం కన్నా ఎక్కువ స్నేహం. వారాల తరబడి అక్కడే ఉండి, వాళ్లు చెక్కిన వాహనాలకు రంగు వేసేవారు, ఖాళీ దొరికితే ఎర్రచందనం బొమ్మల జత చెక్కేవారు. ఎర్రచందనం శేషాచలం, పాలకొండల చెట్టు. దాని చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది, ఉలికి ఎదురు తిరుగుతుంది. కొత్తగా పెళ్లైన ఇంటికి మగ, ఆడ బొమ్మల జత ఇవ్వడం, ఆ బొమ్మను రాయి మీద అరగదీసి ఆ గంధం పసిపిల్లలకు పట్టువేయడం మన ఇళ్లలో ఉన్నదే. మీ ఇంట్లో ఉన్న బొమ్మకు ముక్కు అరిగిపోయిందని రాశారు. దాన్ని బాగు చేయించకండి. మీ నాన్నగారికో అత్తకో ఆ ముక్కు ఎప్పుడో మందైంది.

ఇక బోర్డులు. ఆ పెద్దమనిషి అన్నిటికన్నా చులకన చేసి ఉండేది దీన్నే అనుకుంటున్నాను, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. శ్రీకాళహస్తి పెద్ద గుడ్డల్లో నడిమధ్య దేవుడు, చుట్టూ వరసలుగా కథ ఉంటుంది. ఆ వరసల కింద తెలుగులో పద్యమో, కథలో ఆ చోటు ఏమిటో రాసి ఉంటుంది. చాలామంది బొమ్మ బాగా వేసి, అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఇరుకున పడతారు. వరస చివర్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అయ్యవారి గుడ్డల్లో అలా ఎక్కడా ఉండదు. బస్సు కిటికీలోంచి చూసే మనిషి చదవగలిగేలా కిరాణా అంగడి పేరు రాసిన చెయ్యి అది. పలకకు ఎన్ని అక్షరాలు పడతాయో ముందే కంటితో కొలిచి, తలకట్టు ఎంత ఎత్తున ఉండాలో, ఒత్తు ఎక్కడ దిగాలో చూసుకుని మొదలుపెట్టేవారు. ఆయన రాసే "శ్రీ"లో క్రావడి కింద నుంచి వచ్చి పైదాకా చుట్టి, కొస కాస్త విడిగా ఆగిపోతుంది. బోర్డు మీదా అంతే, గుడ్డ మీదా అంతే.

మా పాత గుడ్డల మీద సంతకాలు ఉండవు. అయ్యవారు పోయాక ఆయన పని ఎక్కడెక్కడ ఉందో నేను పట్టుకున్నది ఆ "శ్రీ"తోనే. ఒకసారి వేరే ఊళ్లో ఒకరింటి గోడ మీద వేలాడుతున్న గుడ్డ చూసి ఇది మా అయ్యవారిదని చెబితే వాళ్లు నమ్మలేదు. ఫోనులో ఉన్న పాత బోర్డు ఫోటో తీసి పక్కన పెట్టి చూపించాను. మీరూ ఈ పని చేయండి. తాతగారి బోర్డులు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే, ముందు వాటి ఫోటోలు తీసుకోండి. ఫ్లెక్సీలు వచ్చాక రేకు బోర్డులన్నీ పాత ఇనుము కింద పోతున్నాయి. గుడ్డలు, చెక్క కొన్నాళ్లు ఆగుతాయి, బోర్డులు ఆగవు.

ఒక మాట అడుగుతాను. మా ఊరి జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారి పేరు మీరు వినే ఉంటారు. 1937లో పుట్టారు. నాన్నగారు లక్ష్మయ్య గారి దగ్గర కలంకారీ నేర్చుకున్నారు, బడిలో పంతులు ఉద్యోగం చేశారు, కలంకారీ గురించి పుస్తకాలూ రాశారు. 2008లో పద్మశ్రీ వచ్చింది. బడికి పోయి పాఠం చెప్పినందుకు ఆయన గీత పలచబడిందని ఎవరైనా అన్నారా? కథ చెప్పడం తెలిసినవాడు కాబట్టే కథ వేయగలిగాడన్నారు. మీ తాతగారి లెక్క కూడా అదే. కాకపోతే ఆయనకు పంతులు ఉద్యోగం బదులు ఉలి ఉంది, సుద్ద ఉంది, బోర్డు బ్రష్షు ఉంది.

పేరు రాకపోవడానికి కారణం వేరే. అయ్యవారు ఆరు నెలలు కూర్చుని రామాయణం గుడ్డ ఒకటి వేశారు. ఒక వ్యాపారి వచ్చి, అప్పు తీర్చుకోవడానికి కూడా చాలని డబ్బు చేతిలో పెట్టి తీసుకుపోయాడు. తర్వాత ఆ గుడ్డ పెద్ద ఊళ్లో ఒక ప్రదర్శనలో వేలాడింది. కింద చీటీ మీద ఆ వ్యాపారి దుకాణం పేరుంది, వేసినవాడి పేరు లేదు. అది చూసొచ్చి చెప్పింది నేనే. చెప్పకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున లేచి మామూలుగా గుడ్డ తడిపారు. ఒక్క పని చేసినవాళ్లకు కూడా ఇలాగే జరిగింది, నాకు తెలిసిన ఇళ్లలోనే జరిగింది. కాబట్టి ఆ పెద్దమనిషికి ఈసారి జవాబు చెప్పండి.

పుస్తకం సంగతికి వస్తే, పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి, పనుల జాబితా కూడా రాయకండి. ఆయన గడిపిన ఒక ఏడాది రాయండి. సంక్రాంతికి ఎక్కడున్నారు, ఎవరి దగ్గర పాలు తెచ్చేవారు, ఏట్లో ఏ రేవులో ఉతికేవారు, భారతానికి ఏ ఊరి వాళ్లు పిలిచేవారు, వానల్లో ఎవరింట్లో పడుకునేవారు. ఒక ఏడాది సరిగా రాస్తే మనిషి మొత్తం వస్తాడు. దీనికోసం చదువుకున్నవాళ్ల దగ్గరికంటే ముందు భారతంలో వేషాలు కట్టిన ముసలివాళ్ల దగ్గరికి పోండి. కిరీటం ఎక్కడ ఒరుసుకునేదో వాళ్ల నుదురు చెబుతుంది. మట్టి మోసినవాళ్లను అడగండి. పాలు పోసిన ఇంటివాళ్లను అడగండి, బాకీ పద్దులతో సహా చెబుతారు. ఫోను రికార్డింగు ఆన్ చేసి పక్కన పెట్టండి, మధ్యలో మాట అందించకండి.

అన్నిటికన్నా ముందు మీ అవ్వను అడగండి. మీ ప్రశ్నలో ఆమె ప్రస్తావన ఒక్కచోటే వచ్చింది, కాఫీ ఇచ్చిందని. మా అయ్యవారి ఇంట్లో కరక్కాయ ఎంత, పాలు ఎంత అన్న కొలత అమ్మగారి చేతిలో ఉండేది. మంజిష్ఠ పొయ్యి మీద ఉన్నప్పుడు మంట తగ్గించాలా పెంచాలా అన్నది ఆమె ఆవిరి వాసన చూసి చెప్పేది. ఎరుపు బాగా వచ్చిందని జనం అయ్యవారిని మెచ్చుకున్న ప్రతిసారీ అందులో సగం ఆమెది. నలభై ఏళ్లు ఆ ఇంట్లో అన్నం తిన్న నేనే ఈ సంగతి ఆలస్యంగా గ్రహించాను. మీ అవ్వ చేతుల ఫోటో పుస్తకంలో ఉండాలి.

వస్తువుల గురించి అడిగారు కదా. గుడ్డలను మడత పెట్టకండి, మడత దగ్గరే చిరుగుతాయి. పాత తెల్లటి నూలుగుడ్డ కలిపి గొట్టానికి చుట్టి, ఎండ తగలని చోట ఉంచండి. డ్రైక్లీనింగుకు ఇవ్వొద్దు. చెక్క బొమ్మలకు వార్నిష్ కొట్టించకండి, మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఎర్రచందనం బొమ్మను విదేశంలో ఉన్న చుట్టాలకు పంపాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1995 నుంచి అది దేశాల మధ్య రాకపోకలకు నియంత్రణ ఉన్న చెట్ల జాబితాలో ఉంది, విమానాశ్రయంలో లేనిపోని టెన్షన్. సూదితో చిల్లులు పొడిచిన పాత కాగితాలు కట్టలుగా ఉంటే చిత్తుకాగితాలనుకుని పారేయకండి. వాటి మీద బొగ్గుపొడి మూట అద్దితే కింద గుడ్డ మీద బొమ్మ దిగుతుంది. అవి ఆయన గీతలు. ఒక్కోటి విప్పి ఫోటో తీసి, ఏ కథలోదో అవ్వతో చెప్పించి వెనక పెన్సిలుతో రాయండి.

ఇప్పుడు ఆ కుండ. అది కసిమి కుండ. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి పులియబెడితే వచ్చే నలుపు అది. మీ తాతగారి కళ్లూ మీసాలూ అక్షరాలూ అన్నీ ఆ కుండలోంచి వచ్చినవే. పదినెలలు ఎవరూ చూడలేదు కాబట్టి లోపలి నీళ్లు పాడై ఉంటాయి, వాటిని చెట్టు మొదట్లో కాకుండా దూరంగా పారబోయండి. ఇనుము మాత్రం పారేయకండి. ఆ ముక్కలు ఆయన ఎన్నేళ్లుగా వాడినవో, అందులో విరిగిన లాడాలు, మేకులు, అరిగిన ఉలి మొనలు కూడా ఉండవచ్చు, ఏరి చూడండి. కడిగి, ఎండబెట్టి, అదే కుండలో మళ్లీ వేసి, రెండు బెల్లాలూ నీళ్లూ పోసి, పైన గుడ్డ కట్టి నీడలో పెట్టండి. అప్పుడప్పుడు కర్రతో కలపండి. 20 రోజులకు నురగ తగ్గి వాసన మారుతుంది. కరక్కాయ పట్టించిన గుడ్డముక్క మీద ఒక చుక్క వేసి చూడండి. ముందు లేత బూడిద రంగులో కనిపించి, కళ్ల ముందే నల్లబడితే కసిమి తయారైనట్టు.

కొలతలు అవ్వకు గుర్తుంటాయి, లేకపోతే నన్ను అడగండి. గుడ్డ నేను తయారు చేసి పంపుతాను, చిక్కటి పాలతో. పుస్తకం అట్ట మీద తాతగారి పేరు కంప్యూటర్ అక్షరాల్లో వేయకండి. ఆయన బోర్డు ఒకటి ముందు పెట్టుకుని, ఆ అక్షరాలు చూస్తూ, ఆయన కుండలోని నలుపుతో ఆ గుడ్డ మీద మీరే రాయండి.